చేనిలో నుంచి బడికి: చేర్చినవాళ్లు మార్చుకున్న లెక్కలు

పనికి పోయే పిల్లలను బడికి చేర్చడం కర్నూలు, కడప జిల్లాల్లో ఎన్నో ఏళ్లుగా సాగుతున్న స్వచ్ఛంద సేవ. ఊరి యువకులు, డిగ్రీ చదివే విద్యార్థులు, సర్కారు బడి పంతుళ్లు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు ఇందులో పాలుపంచుకున్నారు. పనిలోకి దిగేటప్పుడు వీళ్లలో చాలామంది ఒక మాట గట్టిగా నమ్మేవాళ్లు. ఇంట్లో గడవకే పిల్లలను పనికి పెడతారు కాబట్టి పేదరికం తీరేదాకా ఈ పిల్లలు బడి ముఖం చూడరన్నదే ఆ మాట. ఇల్లిల్లూ తిరిగాక ఆ నమ్మకం నిలవలేదు. అది ఎక్కడ సడలిందో, దాని చోట ఏమొచ్చి కూర్చుందో చెప్పడమే ఈ ప్రసంగం పని. ఇక్కడ కర్నూలు జిల్లా అంటే 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరుపడక ముందున్న ఉమ్మడి జిల్లా.

రాయలసీమలో చదువు చెప్పే సేవ నిన్నమొన్నటిది కాదు. 1820లో కడపకు కుంపిణీ ఉద్యోగిగా వచ్చిన సి.పి.బ్రౌన్ అక్కడ ఉచిత బడులు పెట్టాడు. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమంతో పాటు వయోజన విద్యను భుజాన వేసుకున్నారు. 1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, జాతీయ సేవా పథకం మొదలయ్యాక కాలేజీ పిల్లలు పల్లెల బాట పట్టారు. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని పద్ధతి. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం ఊరూరా రాత్రిబడి నడిపే వాలంటీర్లను తయారుచేసింది.

పెద్దవాళ్లకు రాత్రిబడి సరిపోతుంది. చిక్కు పిల్లల దగ్గరే వచ్చింది. పనిచేసే పిల్లలకు సాయంత్రం పూట అనియత విద్యా కేంద్రాలు చాలని 1986 నాటి జాతీయ విద్యావిధానం భావించింది. అంటే పగలు పని, రాత్రి చదువు. పొద్దున ఏడు గంటలకు చేనికి పోయి పొద్దుగూకి ఇల్లు చేరిన పదేళ్ల పిల్ల, అన్నం తిన్నాక పలక పట్టుకుంటే ఎంతసేపు మెలకువగా ఉంటుంది? ఈ కేంద్రాల్లో చదువు చెప్పినవాళ్లకు వారం తిరగకుండానే అర్థమయ్యే సంగతి ఇది. అదే ఏడాది వచ్చిన బాల కార్మిక చట్టం కూడా కొన్ని ప్రమాదకరమైన వృత్తుల్లో మాత్రమే పిల్లల పనిని నిషేధించింది. చేనిపని, జీవాలు కాయడం, ఇంటిచాకిరి ఆ జాబితాలో లేవు. సీమలో పనికి పోయే పిల్లల్లో ఎక్కువమంది చేసే పనులు అవే.

ఆ పనుల్లో ఒకదాన్ని దగ్గర నుంచి చూడాలి. కర్నూలు–కడప కాలువ కింద నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో సీడు పత్తి పండిస్తారు. బట్టకు పనికొచ్చే మామూలు పత్తి వేరు, ఇది వేరు. ఇక్కడ పంట దూది కోసం కాదు, విత్తనం కోసం. హైబ్రిడ్ పత్తిని వ్యాపార స్థాయిలో మొదట సాగుచేసింది మన దేశమే. 1970లో సూరత్ పరిశోధనా కేంద్రంలో సి.టి.పటేల్ హెచ్-4 రకాన్ని విడుదల చేశారు. రెండేళ్లకు ధార్వాడ నుంచి వరలక్ష్మి వచ్చింది. హైబ్రిడ్ విత్తనం బలం ఒక్క పంటకే. రైతు ఏటా కొత్త విత్తనం కొనాలి, అంటే ఎవరో ఒకరు ఏటా దాన్ని తయారు చేయాలి. ఆ తయారీ పూర్తిగా చేతిపని.

పత్తి పువ్వులో ఆడభాగం, మగభాగం రెండూ ఉంటాయి. దాన్ని తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందనివ్వకూడదు. అందుకని మరుసటి పొద్దున విచ్చుకోబోయే మొగ్గలను ముందురోజు మధ్యాహ్నం నుంచే వెతుకుతారు. మొగ్గ మీది రేకులను, దానితో పాటు లోపలి పుప్పొడి తిత్తులను బొటనవేలి గోటితో ఒలిచేస్తారు. మధ్యలో నిలబడ్డ సన్నటి కాడ తెగకూడదు. తెగిందా, ఆ కాయ పోయినట్టే. ఒలిచిన మొగ్గ మీద గుర్తుగా రంగు కాగితం చుట్టడమో, చిన్న తొడుగు తొడగడమో చేస్తారు. మర్నాడు పొద్దున మగ వరసల్లోని పూలు కోసుకొచ్చి, ఒక్కో పువ్వును నాలుగైదు ఆడపూల కాడలకు అద్దుకుంటూ పోతారు. చేనిలోని ప్రతి మొక్కనూ, ప్రతి రోజూ, రెండు మూడు నెలలపాటు ఇలా తడమాలి. ఊళ్లో దీన్ని క్రాసింగ్ అంటారు. మామూలు పత్తికి పట్టే కూలీలకు దాదాపు పదింతలు ఇందులో కావాలని పరిశోధకులు లెక్కగట్టారు. ఇంతమంది కూలీలను చవగ్గా తేవాలంటే రైతుకు తోచిన దారి ఆడపిల్లలు. చిన్న వేళ్లయితే పని సున్నితంగా జరుగుతుందని, పిల్లల ఎత్తుకు చెట్టు సరిగ్గా అందుతుందని చెప్పే మాట ఆ పల్లెల్లో చాలాకాలం చలామణీ అయింది. అదే క్రాసింగ్‌ను పెద్దవాళ్లు ఏ ఇబ్బందీ లేకుండా చేయగలరని తర్వాత తేలింది. కూలి తక్కువ ఇవ్వడానికి, ఎదురు చెప్పకుండా ఎక్కువ గంటలు చేయించుకోవడానికి పిల్లలు అనువైనవాళ్లు. అసలు కారణం అంతే.

కాలం కూడా కలిసొచ్చేది కాదు. బడి జూన్‌లో తెరుస్తారు. క్రాసింగ్ వానాకాలం చివర్లో ఊపందుకుని చలికాలం దాకా సాగుతుంది. జూన్‌లో చేరిన పిల్ల దసరా సెలవుల తర్వాత కనబడదు. సంక్రాంతి దాటాక తిరిగొస్తే పాఠాలు అందవు. మరుసటి ఏడు అసలు రాదు. మధ్యలో అడ్వాన్సు ముడి ఒకటి. విత్తు వేసే ముందే రైతు గానీ, కంపెనీకీ రైతుకూ నడుమ ఉండే ఆర్గనైజర్ గానీ పిల్ల తండ్రికి కొంత డబ్బు ఇచ్చేవాళ్లు. సీజనంతా పిల్ల కూలి అందులో జమ అవుతుంది. తీరకపోతే బాకీ పైయేటికి పోతుంది. పురుగుమందు కొట్టిన చేనిలో మొగ్గలు ఒలవాల్సి రావడం, తలనొప్పులు, వాంతులు వీటన్నిటికీ పైన.

ఇలాంటి చోటికి వాలంటీరు ఏం చెప్పుకుని వెళ్లాలి? దీనికి జవాబు మొదట దొరికింది సీమలో కాదు, రంగారెడ్డి జిల్లాలో. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన శాంతా సిన్హా, 1981లో తన తాత, చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట ఏర్పడిన ఫౌండేషన్ ద్వారా మొదట వెట్టిచాకిరి కూలీల మధ్య పనిచేశారు. 1990ల మొదట్లో దృష్టి పిల్లల మీదికి మళ్లింది. జీతాలకు పెట్టిన పిల్లలను విడిపించి శిబిరంలో చదువు చెప్పి బడికి పంపడంతో ఆ పని మొదలైంది. ఈ అనుభవంలో నుంచి సంస్థ కొన్ని రాజీలేని సూత్రాలు రాసుకుంది. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే, ఇంట్లో అంట్లు తోముతున్నా సరే. పిల్లలు చేసే ఏ పనీ హానిలేనిది కాదు. ప్రతి పిల్లా పగటిపూట, పూర్తిస్థాయి బడిలోనే చదవాలి. పేదరికంతో సహా ఏ సాకుతోనూ పిల్లల పనిని సమర్థించకూడదు.

చదవగానే ఇవి మొండివాదనలా కనిపిస్తాయి. అప్పట్లో అధికారులకూ, ఆర్థికవేత్తలకూ అలాగే కనిపించాయి. కానీ ఇంటింటికీ తిరిగే కార్యకర్త చేతికి ఇవి గొప్ప సౌకర్యం ఇచ్చాయి. ఏది ప్రమాదకరమైన పని, ఏది కాదు అని చేను గట్టు మీద నిలబడి వాదించాల్సిన పని తప్పింది. ఊళ్లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఎంతమంది, బడిలో ఎంతమంది? ఈ రెండు లెక్కల తేడాయే చేయాల్సిన పని. 2000 తర్వాత ఈ సంస్థ కర్నూలు జిల్లా సీడు పత్తి పల్లెల్లోనూ అడుగుపెట్టింది.

ఆ రెండు లెక్కలు తీయడంలోనే వాలంటీర్లకు మొదటి పాఠం దొరికేది. బడి రిజిస్టరు ప్రకారం ఊళ్లో పిల్లలందరూ చదువుతున్నట్టే ఉంటుంది. ఇంటింటికీ పోయి పేర్లు రాసుకుంటే ఇంకోలా తేలుతుంది. ఒకే పిల్ల రెండు పేర్లతో ఉండొచ్చు, బడిలో పేరు వేరు, ఇంట్లో పిలిచేది వేరు. పెద్దపిల్ల పేరు ఇంట్లోవాళ్లే చెప్పరు, పెళ్లీడు వచ్చిందని. కొందరు పిల్లలు ఊళ్లోనే ఉండరు, మేనమామ ఊళ్లో జీతానికి ఉంటారు. పగలు పోతే ఇంటికి తాళం. అందుకని ఈ తిరుగుడంతా రాత్రి ఏడు దాటాకే. కూలికి పోయొచ్చి పొయ్యి రాజేసుకుంటున్న తల్లి దగ్గర కూర్చుని మాట కలపాలి. ఒక్కసారి పోతే అయ్యే పని కాదు. వెళ్లిన ప్రతిసారీ కొత్త అభ్యంతరం వస్తుంది, పాతది కాస్త సడలుతుంది.

మొదట వినిపించే మాట అందరూ ఊహించేదే: చదివి యాడ ఉద్యోగం చేస్తాది? ఆ మాటతోనే వెనక్కి వచ్చిన వాలంటీరుకు తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదనిపిస్తుంది. మళ్లీ మళ్లీ పోయినవాళ్లకు మాత్రం ఆ మాట కింద ఇంకేవో మాటలు బయటపడేవి. బడిలో పంతులు ఒక్కడే, ఐదు తరగతులు. రెండేళ్లు పంపితే పిల్లకు పేరు రాయడం రాలేదు. టీసీ తెమ్మంటే ఏ ఊరికి పోయి తెచ్చేది? పుట్టిన తేదీ కాగితం లేదు. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుపడి పారిపోయి వచ్చింది. తీసుకున్న అడ్వాన్సు ఎవరు కడతారు? ఇవన్నీ చదువు వద్దనే మాటలు కావు. చదువు కావాలని ఒకసారి ప్రయత్నించి, దెబ్బతిని వచ్చినవాళ్ల మాటలు. బడికి పంపాలన్న కోరిక ఉండీ పంపలేని తల్లిదండ్రులే ఎక్కువని ఉత్తరాది రాష్ట్రాల్లో జరిపిన సర్వే ఆధారంగా 1999లో వచ్చిన ప్రజా విద్యా నివేదిక కూడా తేల్చింది. అమెరికా రాజనీతిశాస్త్రవేత్త మైరన్ వీనర్ అంతకుముందే, 1991లో వచ్చిన పుస్తకంలో, మన దేశంలో నిర్బంధ విద్య రాకపోవడానికి పేదరికం కంటే చదువుకున్న మధ్యతరగతి ఆలోచనే ఎక్కువ కారణమన్నాడు. పేదల పిల్లలు పనిచేసుకుని బతకాలి, చదువు వేరేవాళ్లకు అనే ఆలోచన అది. ఆ మాట ఇక్కడ చాలామందికి నచ్చలేదు. ఊళ్లలో తిరిగిన డిగ్రీ కుర్రవాళ్లు ఆ పుస్తకం చదివి ఉండరు, కానీ దానికి దగ్గరి సంగతే వాళ్ల అనుభవంలోకి వచ్చింది. అడ్డం పడుతున్న ఆలోచన గుడిసెలోనే కాదు, తాము వచ్చిన ఇంట్లోనూ ఉందని అర్థమైంది. గుమస్తా ఇంట్లో అంట్లు తోమేది కూడా పదకొండేళ్ల పిల్లే కదా.

పేదరికం వాదనను నిజంగా దెబ్బకొట్టింది మాత్రం పక్కింటి సాక్ష్యం. ఒకే వీధిలో, ఒకే కులంలో, ఒకే కూలి మీద బతికే రెండు ఇళ్లలో ఒకరి పిల్ల బడికి పోతుంది, ఇంకొకరిది పోదు. పేదరికమే కారణమైతే ఇద్దరూ పోకూడదు. బడికి పంపుతున్న ఇంట్లో తేడా ఆస్తిలో కనిపించదు. ఎవరో ఒక పెద్దమనిషో, పంతులో, హాస్టల్లో చదివిన అన్నో చెయ్యిపట్టి దారి చూపించి ఉంటారు. అందుకే శాంతా సిన్హా సంస్థ కుటుంబాలకు డబ్బు పరిహారం ఇవ్వలేదు. పిల్ల కూలికి బదులు నెలకింత అని ఇస్తే, బడి చదువు హక్కు కాకుండా బేరమైపోతుందని దాని వాదన. డబ్బు ఇవ్వకుండానే తల్లిదండ్రులు పిల్లలను పంపడం వాలంటీర్లను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచింది. తల్లి ఇంకో రెండు గంటలు ఎక్కువ పనిచేస్తుంది, తండ్రి ఒక ఖర్చు తగ్గించుకుంటాడు, మేకలు అమ్మేస్తారు, లేదా కాపలాకు ముసలాయన పోతాడు. పిల్ల సంపాదన ఇంటికి ఆధారమన్న మాట ఎంత బలంగా చెబుతారో, అది ఆగినప్పుడు ఇల్లు అంత సులువుగా సర్దుకుంటుంది. అన్ని ఇళ్లూ కాదు. భర్త పోయి, ముగ్గురు పిల్లలతో మిగిలిన ఆడమనిషి విషయంలో ఈ మాట అనడం అన్యాయం. అలాంటి ఇంటికి పింఛనో, హాస్టలు సీటో, రేషను కార్డో ఇప్పించడానికి వాలంటీరు మండలాఫీసు చుట్టూ తిరగాల్సిందే.

ఒప్పించిన పిల్లను సరాసరి బడిలో వేస్తే నిలవదు. పదేళ్లు దాటిన పిల్లకు తన ఈడువాళ్ల తరగతిలోనే చోటు కావాలి. ఆ ఎడం పూడ్చడానికి వచ్చినవే బ్రిడ్జి కోర్సు శిబిరాలు. కొన్ని నెలల నుంచి ఏడాదిన్నర దాకా పిల్లలు అక్కడే ఉండి చదువుతారు. శిబిరంలో మొదటి రోజులు చదువుకు కేటాయించరు. పిల్లలు తెల్లవారుజామునే లేచి పనికోసం వెతుక్కుంటారు, ఎవరూ చెప్పకపోయినా చీపురు పట్టుకుంటారు. గంట కొడితే ఆటలాడాలని వాళ్లకు తెలియదు. అడగకుండా కూర్చోవచ్చునని కూడా తెలియదు. కొందరు గోడ దూకి వెళ్లిపోతారు. వాళ్లను మళ్లీ తీసుకురావడం వాలంటీరు పనే. పాటలు, ఆటలు, కథలు చెప్పించుకోవడం, ఊరి పటం నేల మీద గీయించడం, ఇలాంటివాటితో కొన్ని వారాలు గడుస్తాయి.

చదువు మొదలయ్యాక ఇంకో సంగతి తేలుతుంది. ఈ పిల్లలు సున్నా నుంచి మొదలుపెట్టరు. దినకూలి ఇంతైతే పదకొండు రోజులకు ఎంత, అడ్వాన్సులో ఇంకెంత మిగిలింది, నంద్యాల బస్సు చార్జీకి పోను చేతిలో ఎంత ఉంటుంది, ఇవన్నీ నోటిలెక్కలో చెప్పేస్తారు. అంకెలు రాయడం మాత్రమే రాదు. ఆరేళ్ల పిల్లకు కూడికలు నేర్పడానికి పట్టేంత కాలం వీళ్లకు పట్టదు. భాష కూడా అంతే. పొలం, పురుగు, వాన, వడ్డీ, పంచాయితీ గురించి వాళ్లకున్న మాటల సంపద పాఠ్యపుస్తకంలోని మూడో తరగతి పాఠాన్ని మించి ఉంటుంది. అందుకే ఐదేళ్ల చదువును ఏడాదిలో కుదించడం సాధ్యపడింది. చదువురానివాళ్లకు చెబుతున్నామనుకుని వెళ్లిన వాలంటీర్లలో చాలామందిని ఇదే మార్చింది. తమకు లెక్కలు ఇన్నేళ్లు ఎందుకు కష్టమయ్యాయో కూడా అక్కడే తెలిసింది కొందరికి. వేరువేరు స్థాయిల పిల్లలను ఒకే గదిలో నడిపే పద్ధతి సీమలోనే ఇంకోచోట పుట్టింది. 1926లో జిడ్డు కృష్ణమూర్తి మదనపల్లె దగ్గర నెలకొల్పిన రిషివ్యాలీ, చుట్టుపక్కల పల్లెల్లో ఉపగ్రహ పాఠశాలలు తెరిచింది. అక్కడ ప్రతి పిల్లా కార్డుల మీది పాఠాలను నిచ్చెన మెట్లలా తన వేగంతో ఎక్కుతుంది. తర్వాత ఎన్నో రాష్ట్రాల సర్కారు బడులు ఈ పద్ధతిని తీసుకున్నాయి.

బడి పంతుళ్ల మీద వాలంటీర్లకు మొదట మంచి అభిప్రాయం ఉండేది కాదు. శిబిరం నుంచి ఇరవైమంది పిల్లలను తెచ్చి నిలబెడితే చోటు లేదనేవాళ్లు. ఆరా తీస్తే నిజంగానే చోటు ఉండేది కాదు, కొత్త పంతులు కూడా వచ్చేవాడు కాదు. క్రమంగా ఉపాధ్యాయులే బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి, సెలవుల్లో కూడా పిల్లల కోసం ఊళ్లు తిరిగారు. కొన్ని గ్రామాల్లో తల్లిదండ్రులు చందాలు వేసుకుని ఇంటర్ పాసైన ఊరి అమ్మాయినో, అబ్బాయినో అదనపు పంతులుగా పెట్టుకున్నారు. 2003 జనవరి నుంచి రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలయ్యాక హాజరు లెక్కలు మెరుగుపడ్డాయి.

సీడు పత్తి సంగతికి మళ్లీ వస్తే, అక్కడ వాలంటీర్లకు ఇంకో కోణం కనిపించింది. పిల్లలు మానుకున్న ఊళ్లో రైతు పెద్దవాళ్లను కూలికి పిలవాలి, వాళ్లు ఎక్కువ కూలి అడుగుతారు. అంటే పిల్లలు బడికి పోవడం వల్ల తల్లుల కూలి పెరిగింది. పిల్లల పనివల్ల పేదరికం తగ్గుతుందన్న లెక్క ఇక్కడ తలకిందులైంది. పిల్లలు చవగ్గా దొరకడం వల్లే పెద్దల కూలి పెరగకుండా ఉందని తేలింది. అయితే రైతుకూ ఒక వాదన ఉంది. కంపెనీ ఇచ్చే కొనుగోలు ధరలో పెద్దల కూలి గిట్టదని అతను అన్నాడు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2003లో నెదర్లాండ్స్‌కు చెందిన భారత కమిటీ కోసం రాసిన నివేదికలో, బహుళజాతి విత్తన కంపెనీల కోసం పండే పత్తిలో పిల్లల శ్రమ ఎంతుందో వివరంగా బయటపెట్టారు. 2005లో మరో నివేదిక నేరుగా ఈ ధర సంగతినే ఎత్తుకుంది. యూరప్ పత్రికల్లో గొడవయ్యాక కంపెనీలు స్వచ్ఛంద సంస్థలతో కూర్చుని మాట్లాడక తప్పలేదు. పిల్లలను పెట్టని రైతులకు అదనపు ధర, పొలాల తనిఖీ, పెట్టినవాళ్లకు ఒప్పందం రద్దు వంటి షరతులు వచ్చాయి. పెద్ద కమతాల్లో పిల్లల సంఖ్య తగ్గింది. కొంత సాగు తనిఖీకి అందని చిన్న కమతాలకు మళ్లింది. అక్కడ పనిచేసేది సొంత పిల్లలు. తండ్రిని ఒప్పిస్తే చాలనుకుని వెళ్లినవాళ్లు చివరికి యూరప్ వార్తలు చదవాల్సి వచ్చింది.

కర్నూలు జిల్లా పడమటి వైపు కథ వేరు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆదోని ప్రాంతం చాలావరకు వానాధార భూమి. అక్షరాస్యతలో రాష్ట్రం అడుగున ఉండే మండలాలు ఇక్కడే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా మొత్తం అక్షరాస్యత దాదాపు 60 శాతం, ఆడవాళ్లలో సగం కంటే కాస్త తక్కువ. పంట చేతికి రాని ఏడు ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు వైపు మిరపకాయ కోతకు, తెలంగాణకు పత్తి తీతకు, బెంగళూరుకు కట్టడం పనులకు లారీలు, టెంపోలు ఎక్కుతారు. చంటిబిడ్డను చూసుకోవడానికి ఎనిమిదేళ్ల అక్క కూడా ఎక్కుతుంది. ఉగాది దగ్గరపడ్డాక గానీ తిరిగిరారు. ఇక్కడ ఒప్పించడం కంటే ఏర్పాటు ముఖ్యం. తల్లిదండ్రులు వెళ్లాక పిల్లకు రాత్రి అన్నం ఎవరు పెడతారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు అన్న ప్రశ్నకు జవాబు ఉంటే పిల్ల ఊళ్లోనే ఉంటుంది. సర్వశిక్షా అభియాన్ కింద వచ్చిన సీజనల్ హాస్టళ్లు ఆ జవాబే. వలస నెలల్లో ఆ ఊరి బడిలోనే పిల్లలకు రెండు పూటలా తిండి, చదువు, ఊరివాళ్లలోనే ఒకరి పర్యవేక్షణ. అవి ఎప్పుడు తెరుస్తారన్నదే అసలు కిటుకు. లారీలు కదిలాక తెరిచిన హాస్టల్లో పిల్లలుండరు.

కడప జిల్లాలో పిల్లలను ఎక్కువగా బడి నుంచి లాగింది గొర్రెలు, మేకలు, ఇంటిపని, తొందర పెళ్లి. పెళ్లి విషయంలో వాలంటీరు పని అన్నిటికంటే చిక్కైనది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం చేతిలో ఉన్నా, పోలీసులను పిలిస్తే ఆ ఇంటి గడప మళ్లీ తొక్కనివ్వరు. పిలవకపోతే పిల్ల కాపురానికి పోతుంది. చాలాచోట్ల బడిలో ఆ పిల్లతో చదివే స్నేహితురాళ్లే ముందుగా కబురు మోసుకొచ్చేవాళ్లు. వాళ్ల కబురు మీద టీచరమ్మ, అంగన్‌వాడీ ఆయమ్మ, ఊరి పెద్ద ఒకరు కలిసి పోయి మాట్లాడితే పెళ్లి వాయిదా పడేది. ఒక్కో ఏడాది వాయిదా ఒక్కో తరగతి చదువు.

ఈ అనుభవమంతా చివరికి చట్టంలోకి ఎక్కింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ చదువును ప్రాథమిక హక్కు చేసింది. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్, బడి మానేసిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది. శిబిరాల్లో జరిగింది అదే. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదని ఐదో సెక్షన్, వయసు ధ్రువపత్రం లేదని కాదనకూడదని పద్నాలుగో సెక్షన్ చెబుతాయి. రాత్రిపూట గుడిసెల ముందు విన్న అభ్యంతరాలు ఒక్కొక్కటే సెక్షన్లయ్యాయి.

బాల కార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లలను అన్ని రకాల పనుల నుంచీ నిషేధించింది. అయితే బడివేళల తర్వాత, సెలవుల్లో కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చని ఒక మినహాయింపు ఇచ్చింది. సొంత కమతంలో క్రాసింగ్ చేసే పిల్లకు ఈ మినహాయింపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గట్టు మీద నిలబడ్డ తనిఖీ అధికారి తేల్చడం కష్టం. పద్నాలుగు దాటిన పిల్లలకు ప్రమాదకరమైన పనులే నిషిద్ధం. విద్యాహక్కు చట్టం రక్షణ కూడా ఆ వయసుతోనే ఆగిపోతుంది. ఎనిమిదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల తర్వాత ఏం కావాలన్నది అందువల్ల మిగిలిన పెద్ద ప్రశ్న. ఊళ్లో హైస్కూలు ఉండదు, బస్సు రోజుకు రెండుసార్లు వస్తుంది, అదీ బడివేళకు కాదు. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఈ ఖాళీని కొంత పూడ్చాయి. బడి మానేసిన అమ్మాయిలకు ఆరో తరగతి నుంచి ఉచిత వసతితో చదువు చెప్పే ఈ విద్యాలయాలను 2018 తర్వాత దశలవారీగా ఇంటర్మీడియట్ దాకా పెంచుతూ వచ్చారు. వేసవిలో దరఖాస్తులు తెరిచాక పడమటి మండలాల్లో పంతుళ్లు, వాలంటీర్లు ఇప్పుడు ముందుగా చేసే పని పదో తరగతి పాసైన ఆడపిల్లల జాబితా రాసుకుని, ఆధార్ కార్డులో పుట్టిన తేదీ మార్కుల జాబితాతో సరిపోయిందో లేదో చూడటం.